సమాజమున పూర్వపక్షము



ఎదుటివాని మతమును ముందుగా చక్కగ నిలిపి, పిమ్మట పరీక్షించి, నిర్ణయము చేయుట మన శాస్త్రకారుల పద్ధతి. మొదటిది పూర్వపక్షము, కడపటిది సిద్ధాంతము. జర్మనీ దేశీయుడగు హెగెల్ (1770-1831) ఇట్టి విరోధమును చరిత్రయందే కనుగొనెను. ప్రతి స్థితియు తనకు విరోధమైనదానిని తనలోనే పెంచుకొనుననియు, ఆ రెంటి సంఘర్షణమున పుట్టిన మూడవ స్థితియందు రెంటి సారమును నిలుచుననియు నతని మతము. కార్ల్ మార్క్సు (1818-1883) దీనిని భావములనుండి దింపి, కూడుగుడ్డల యుత్పత్తికిని వర్గముల పోరాటమునకును చేర్చెను. దీనినే గతితర్కమందురు.

మనకు దీనితో నేమి పని యందురేమో! మదనపల్లె, పుంగనూరులకు పడమట కన్నడదేశము. కుప్పమునకు దక్షిణమున తమిళదేశము. మదరాసు రాజధానిలో పలు భాషలవారు ఒకే యేలుబడిలో నుండిరి. ఆ కలయికలోనే తెలుగునకు తగిన తావు లేదను కొరత పెరిగెను. 1913లో బాపట్లయందు ఆంధ్ర మహాసభ కూడెను. 1952 డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు నిరశనవ్రతమున అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను.

అంతటితో విరోధము శమించెనా? పటముపై గీత గీచినంతమాత్రమున నిండ్లలోని భాషలు విడిపోవు. నేను కుప్పము చేరువ నొక బడిలో పాఠము చెప్పు దినములలో, ఇంట తమిళము మాటలాడు బాలుడొకడు తెలుగు వ్యాసమున తమిళపు మాటలు కలిపెడివాడు. నేను వానిని తరగతిలో నిలువబెట్టి ఆ తప్పులు పైకి చదివించితిని. మరునాటినుండి వాడు నోరు విప్పలేదు. తన భాషకు తావు కోరినవారి వారసుడనై, నేనే మరియొకని భాషకు తావు లేకుండ జేసితిని. గెలిచిన సిద్ధాంతమే క్రొత్త పూర్వపక్షమును పుట్టించునని నా కప్పుడు బోధపడెను.

1997లో ఆ కుప్పముననే, పొరుగు రాష్ట్రముల సహకారముతో, ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. విడిపోయిన భాషలు మరల నొకచోట చేరినవి. అయితే ఈమారు ఒకదానిక్రింద నొకటి గాక, ప్రక్కప్రక్కనే. ఇట్టి మూడవ స్థితి తనంతట రాదు. మనుష్యులు పూనుకొని తేవలెను.

గ్రంథమున నోడిన పూర్వపక్షి ఆ పుటతోనే మరుగగును. సమాజమున నతడు మన పొరుగింటనే కాపురముండును. కావున రచ్చబండపై తీర్పు చెప్పు పెద్దలు ఓడినవాని మాటలోని సత్యమును గూడ తీర్పున చేర్పవలెను. అట్టి తీర్పే నిలుచును.