సరుగుడు దొరువు, పిల్లల బల్ల

నెల్లూరు కోస్తాలో ఇసుక నేల మీద సేద్యం చేసే రైతుకు దొరువు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఐనా ఈ పుస్తకాన్ని మెట్ట ప్రాంతాలవారు కూడా చదువుతారు గనుక రెండు మాటలు చెబుతాను. సముద్రపు ఒడ్డున ఇసుకలో కొద్ది లోతు తవ్వితే చాలు, మంచినీళ్లు ఊరతాయి. వాననీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పాల మీద మీగడలాగా తేలి నిలుస్తుంది. ఆశపడి ఇంకా లోతుకు పోయామా, ఉప్పునీరు పైకి తన్నుకొస్తుంది. అందుచేత లోతు తక్కువగా, నోరు వెడల్పుగా, కుండ పట్టుకొని దిగి ముంచుకొనేందుకు వీలుగా వాలుతో తవ్విన గుంటే దొరువు. ఎవరు కనిపెట్టారో గాని, చాలా తెలివైన ఏర్పాటు.

ఇక బల్ల సంగతి. చలిజ్వరం పదేపదే వచ్చిపోయే పిల్లవాడికి ఎడమవైపు డొక్క కింద గట్టిగా ఏదో చేతికి తగులుతుంది. దాన్నే మన పెద్దలు బల్ల అన్నారు. ఆయుర్వేదం ప్లీహం అంటుంది. ప్లీహం అందరికీ ఉండేదే. పిడికెడంత ఉండి, పక్కటెముకల చాటున దాగి, మామూలుగా చేతికి అందదు. రక్తాన్ని వడగట్టడం, ముసలివైపోయిన ఎర్రకణాలను ఏరి పారవేయడం దాని పని. మలేరియా క్రిమి ఎర్రకణాల్లో దూరి వాటిని చెడగొడుతుంది గనుక, వడపోసే పని పెరిగేకొద్దీ ప్లీహం కూడా పెరుగుతుంది. జ్వరం తిరగబెట్టిన కొద్దీ అది డొక్క దాటి బొడ్డుదాకా కూడా దిగవచ్చు. పిల్లవాడు పాలిపోతాడు, కాళ్లూ చేతులూ పుల్లలై కడుపు మాత్రం ముందుకు వస్తుంది. అలా ఉబ్బిన ప్లీహం మీద గట్టి దెబ్బ తగిలితే లోపల పగిలి ప్రాణమే పోవచ్చు. ఇది తెలియని రోజుల్లో బల్ల కరుగుతుందని పిల్లల పొట్ట మీద ఇనుప చువ్వ కాల్చి వాతలు పెట్టేవారు. వాతలవల్ల పుండు మిగిలేది గాని బల్ల తగ్గేది కాదు.

ఈ బల్లకూ సేద్యపు నీటికీ సంబంధం ఉన్నదని ముందుగా లెక్క కట్టి చూపింది కాలువల దేశంలో. 1845లో ఉత్తరాదిన యమునా కాలువల కింది గ్రామాల ఆరోగ్యం విచారించడానికి బేకర్, డెంప్‌స్టర్, యూల్ అనే ముగ్గురితో ఒక సంఘం వేశారు. వారిలో డెంప్‌స్టర్ వైద్యుడు. ఆయన ఊరూరా మనుషులను వరసగా నిలబెట్టి, పొట్ట తడిమి, నూటికి ఎంతమందికి ప్లీహం పెరిగిందో రాసుకొన్నాడు. నీరు పోయే దారి లేక నేల ఊటెక్కిన ఊళ్లలో ఆ సంఖ్య ఎక్కువగా తేలింది. 1847లో నివేదిక వచ్చింది. దోమ మాట అప్పటికి ఎవరికీ తట్టలేదు. ఆ ముడి విప్పింది మన తెలుగుదేశంలోనే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. దోమ తెలిసిన తర్వాత కూడా డెంప్‌స్టర్ పద్ధతి మాత్రం పోలేదు. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో నూటికి ఎందరికి బల్ల తగిలితే ఆ ఊరు ఎంత మలేరియా ఊరో చెప్పవచ్చును. యాభైకి మించి నిలకడగా ఉంటే అది గట్టి మలేరియా సీమ. ఈ కొలతకు సూక్ష్మదర్శిని అక్కరలేదు, తడిమే చెయ్యి చాలు.

ఇక మన తీరానికి వద్దాము. సరుగుడు, కొన్నిచోట్ల సర్వి అంటారు, మన నేలలో పుట్టిన చెట్టు కాదు. ఆస్ట్రేలియా, దాని చుట్టుపట్ల దీవులది. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో రైళ్లకూ పట్టణాలకూ వంటచెరకు కావలసివచ్చి చెన్నపట్టణం తీరంలో దాని పెంపకం పెరిగింది. 1878లో బకింగ్‌హామ్ అని పేరు పెట్టిన కాలువ మీద పడవల్లో మన తీరపు కట్టెలు చెన్నపట్టణం చేరేవి. ఇంకే పంటా సరిగా పండని ఇసుక దిబ్బ నాలుగైదేళ్లకు రొక్కం ఇస్తుంటే రైతు వదులుకొంటాడా? మొక్క నాటి మొదటి ఒకటి రెండేళ్లు చేతితో నీళ్లు పోస్తే చాలు. అందుకోసం తోటలో అక్కడక్కడ దొరువులు తవ్వేవారు. కుండ మోసే దూరం తగ్గాలంటే దొరువుల సంఖ్య పెరగాలి. ఒక్కొక్క తోటలో ఎన్ని నీటి గుంటలుండేవో మీరే ఊహించుకోండి.

1930ల్లో రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మద్రాసు రాజధానిలో మలేరియా పరిశోధన చేసిన డాక్టర్ పాల్ రసెల్, ఆయనతో జాకబ్, ఎన్నూరు నుంచి నెల్లూరు దాకా ఉన్న ఈ తీరపు మలేరియాను పరిశీలించి 1942లో ఫలితాలు ప్రకటించారు. ఉప్పు కయ్యలూ, పులికాటు బురదా కారణమనుకోవడం సహజమే గదా! రోగం మోసేది క్యూలిసిఫేసిస్ అనే జాతి అనాఫిలిస్ దోమ అనీ, అది పెరిగేది సరుగుడు మొక్కలకు నీళ్లు పోసే గుంటల్లో అనీ తేలింది. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఈ దోమకు మురుగు గిట్టదు. తేటగా, ఎండ తగిలే నీళ్లు కావాలి. లేత తోటలో చెట్టు నీడ ఉండదు, దొరువులో నీరు తేట. పగలు పశువుల పాకలోనో ఇంటి మూలనో దాక్కొని రాత్రి కుడుతుంది. ఎక్కువగా పశువులనే కుట్టినా, మందలు మందలుగా పుడితే మనిషి వంతు మనిషికీ వస్తుంది.

రైతు తప్పు చేశాడని నేను అనను. పొయ్యిలో కట్టె పట్టణానిది, కట్టె డబ్బు తోట ఆసామిది, బల్ల మాత్రం నీళ్లు మోసిన కూలివాని బిడ్డకు. దొరువుల లెక్క చూసినవారు ఈ లెక్క కూడా చూడవలసింది.

తర్వాతి కథ తొందరగా చెప్పవచ్చును. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం మొదలైంది, 1958లో నిర్మూలన పథకమైంది. గోడలకు డి.డి.టి. చల్లారు. దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి వస్తుందని అంచనా వేసిన జ్వరం 1965 నాటికి లక్షకు దిగింది. పని అయిపోయిందని ఏమరుపాటు పడ్డారు, దోమ మందుకు అలవాటుపడింది. 1976లో మళ్లీ 64 లక్షలు దాటింది. ఆపైన నెమ్మదిగా తగ్గి, ఇప్పుడు మన రాష్ట్రంలో మలేరియా ఎక్కువగా మన్యం ప్రాంతాల్లో మిగిలి ఉన్నది. కోస్తా పిల్లవాడి డొక్కలో బల్ల తగలడం అరుదు. తగిలితే మలేరియా ఒక్కటే అనుకోకండి. కాలేయ జబ్బు, పుట్టుకతో వచ్చే రక్తదోషాలు కూడా ప్లీహాన్ని పెంచుతాయి. జ్వరం ఉంటే ఆశా కార్యకర్త దగ్గరే వేలి రక్తం పరీక్ష చేస్తారు. జ్వరం లేకుండా బల్ల తగిలితే ఆసుపత్రికి తీసుకొనిపోండి.

సరుగుడు మాత్రం పోలేదు. కట్టె ఇప్పుడు కాగితం మిల్లులకు పోతున్నది. కుండల బదులు మోటార్లు, బిందు సేద్యపు గొట్టాలు వచ్చాయి. దొరువులు ఉన్నచోట ఉన్నాయి, వాడకం మానినవి కూడా పూడ్చకుండా ఉన్నాయి. మీ దొరువు దగ్గరకు పోయి గట్టు వారన నీళ్లు తెల్లపళ్లెంలో ముంచి చూడండి. నీటి మీద బల్లపరుపుగా పడుకొన్న చిన్న పురుగులుంటే అవి అనాఫిలిస్ పిల్లలు. తల కిందికి వేలాడేవి వేరే దోమలవి. గుడ్డు నుంచి దోమ లేవడానికి ఎండకాలంలో వారం పదిరోజులు పడుతుంది గనుక, వారానికొకసారి నీరంతా తోడి గుంట ఆరనిస్తే ఆ తరం పోతుంది. అంచుల గడ్డి చెక్కాలి. పనిలేని గుంట పూడ్చాలి.

కొత్త తోట వేసేవారికి ఇంకొక మార్గం ఉన్నది. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం వారు మెరుగుపరచిన దొరువు పద్ధతిలో, ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరచి, అవి లాగిన మంచినీటిని ఒక బావిలోకి చేర్చి అక్కడినుంచి మోటారుతో తోడతారు. ఉప్పునీరు పైకి రాకుండా మీగడ నీటినే తీస్తుంది. బావి నోటికి దోమ దూరకుండా మూత బిగిస్తే గుడ్లు పెట్టేందుకు నీళ్లు దొరకవు, తెరిచిన దొరువులు మింగే నేల కూడా సాగులోకి వస్తుంది.