మలుపులో తేలిన నిజము

మోటారు కారు తిన్నని బాటపై పోవుచున్నంతసేపు దాని నిర్మాణములోని గుణదోషములు మనకు అంతగా తెలియవు. అవి బయటపడునది మలుపులో. అక్కడ బండిని బాటకు పట్టి ఉంచునది నేలను తాకుచున్న నాలుగు టైర్ల పట్టు మాత్రమే. ఆ పట్టు చాలవరకు రెండు సంగతులపై ఆధారపడును: ఇంజను బరువు ఎక్కడ ఉన్నది, చక్రములు బండికి ఎట్లు అమర్చబడినవి. ఈ సత్యమును లోకమునకు గట్టిగా చాటినది అమెరికాలో షెవ్రొలే వారు నిర్మించిన కోర్వేర్ కారు.

1886లో కార్ల్ బెంజ్ తన బండికి ఇంజనును వెనుక అమర్చెను. 1891లో ఫ్రాన్సులో పనార్ సంస్థవారు దానిని ముందునకు తెచ్చి, శక్తిని వెనుక చక్రములకు పంపిరి. ఆ పద్ధతియే దశాబ్దములపాటు ప్రబలెను. అయితే ఇంజను వెనుకనున్న జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ అమెరికాలో విరివిగా అమ్ముడుపోవుట చూచి, షెవ్రొలే అధిపతి ఎడ్ కోల్ ఆ మార్గమునే పట్టెను. 1960 మోడలుగా కోర్వేర్ వెలువడినది. లోపల నేల చదునయినది, స్టీరింగు తేలికయినది. కాని బరువులో నూటికి అరువది పాళ్లకు పైగా వెనుక చక్రములపై పడినది. వెనుక బరువు హెచ్చిన బండి మలుపులో తోక విసరును.

దీనికి ఇరుసుల అమరిక తోడయినది. వెనుక ఇరుసు రెండు ముక్కలు; ఒక్కొక్క ముక్క లోపలి కొనయొద్ద మాత్రమే కీలుపై ఊగును. వేగముగా తిరుగునపుడు బయటివైపు చక్రము బండి క్రిందికి ముడుచుకొని, బండి వెనుక భాగము పైకి లేచును. టైరు పట్టు హఠాత్తుగా సడలును. దీనికి విరుగుడుగా ముందు టైర్లలో చదరపు అంగుళమునకు 15 పౌన్లు, వెనుక 26 పౌన్లు గాలి ఉంచుమని సంస్థవారు చెప్పిరి. అట్లయిన ముందు చక్రములే మొదట జారి, నడుపువానిని హెచ్చరించును. అలవాటు చొప్పున నాలుగింటను సమముగా గాలి కొట్టించినవానికి ఆ రక్షణ లేదు.

1964లో ముందు ఒరుగుదలను అరికట్టు కడ్డీని, వెనుక అడ్డముగా ఒక కమానును చేర్చిరి. 1965 మోడలులో వెనుక అమరికనే పూర్తిగా మార్చిరి. ఆ ఏడు నవంబరులో న్యాయవాది రాల్ఫ్ నేడర్ గ్రంథము వెలువడెను. అందు మొదటి అధ్యాయము కోర్వేర్‌ను గూర్చినదే. 1966లో అమెరికా ప్రభుత్వము వాహన భద్రతా శాసనము చేసెను. 1969లో కోర్వేర్ నిర్మాణము ఆగినది.

1972లో ప్రభుత్వ పరీక్షకులు మరియొక మాట చెప్పిరి: 1960-63 నాటి కోర్వేర్ తన తోటి కార్లకంటె ప్రమాదకరము కాదని. అయినను ఒక ప్రశ్న మిగులును. కొన్నవాడు చదువునో చదువడో తెలియని చిన్న పుస్తకములోని రెండు అంకెలపై మనుష్యుల ప్రాణములను నిలుపుట న్యాయమా? కడ్డీ, కమాను చేయగల పనిని నడుపువాని జ్ఞాపకశక్తికి అప్పగింపరాదని ఈ చరిత్ర నేర్పుచున్నది.