క్రోము ఉపకరణములు (మోటారు సైకిలు)

మోటారు సైకిలు కొనిన తరువాత యజమాని దానికి అదనముగా అమర్చుకొను, క్రోమియము పూత గల భాగములను క్రోము ఉపకరణములు అందురు. లెగ్ గార్డు, శారీ గార్డు, హెడ్ లైటు టోపీ, అద్దములు, సైలెన్సరు కవరు, వెనుక కూర్చొనువారికి వీపు ఆనించుకొను కమ్మీ, సామాను కట్టుకొను క్యారియరు మొదలగునవి వీటిలో ముఖ్యమైనవి. దూర ప్రయాణములకు వాడు బరువైన బండ్లకు వీటిని ఎక్కువగా అమర్చుదురు. ఈ పని చాల వరకు ఇంటి వద్దనే, మామూలు పానాలతో చేసికొనదగినది. అయితే భీమవరం వంటి డెల్టా పట్టణములలో గాలి, నీరు రెండును ఉప్పదనము కలవి కావున, అమర్చుట కంటె నిలుపుకొనుట కష్టము.

నేపథ్యము

ఇంగ్లాండులోని రెడ్డిచ్ పట్టణమునకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి బుల్లెట్టు 1955లో మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో తయారగుట మొదలైనది. మొదట విడిభాగములు తెచ్చి కూర్చెడివారు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్ల ట్యాంకు ప్రక్కలు కూడ క్రోము పూతతో మెరయుచుండెడివి. ఆ కర్మాగారము 1996లో మూతపడినది. అటు తరువాత 2002లో థండర్‌బర్డ్, 2005లో బజాజ్ అవెంజర్, 2020లో మీటియర్ 350 వంటి క్రూయిజరు తరహా బండ్లు వచ్చుటతో క్రోము మీది మోజు క్రొత్త తరమునకు వ్యాపించినది. గోదావరి జిల్లాల నుండి మారేడుమిల్లి కనుమకో, అరకులోయకో బుల్లెట్టుపై పోవు యువకులు బండికి ముందుగా చేయించునది లెగ్ గార్డు అమరికయే.

క్రోము పూత స్వభావము

క్రోమియమును 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోకెలిన్ కనుగొనెను. గ్రీకు భాషలో 'క్రోమా' అనగా రంగు. అలంకరణకు వాడు పూతలో మనకు పైకి కనిపించు క్రోమియము పొర మందము సాధారణముగా 0.2 నుండి 0.5 మైక్రాన్లు మాత్రమే. ఉక్కును నిజముగా కాపాడునది దాని క్రింద నుండు నికెలు పొర. మంచి సరకులో ఇది 10 నుండి 30 మైక్రాన్ల వరకు ఉండును. చౌక సరకులో నికెలు పొరను పలుచన చేయుదురు. మెరుపు రెంటికిని ఒకటే కావున కొనునపుడు తేడా తెలియదు, ఒక వానాకాలము గడచిన పిదప తెలియును.

క్రోమియము పొరలో కంటికి కనబడని సన్నని పగుళ్ళు ఉండును. నికెలు పొర పలుచనైనచో వీటి గుండా తేమ, లవణము ఉక్కు వరకు చేరును. అప్పుడు తుప్పు పై నుండి క్రిందికి కాక, క్రింది నుండి పైకి ఆవగింజలంత మచ్చలుగా పొడుచుకొని వచ్చును. భీమవరం చుట్టు ప్రక్కల చేపల, రొయ్యల చెరువులు విస్తారముగా ఉన్నవి, సముద్రతీరము కూడ ఎంతో దూరములో లేదు. డెల్టాలో అనేక చోట్ల బోరు నీరు ఉప్పగా ఉండును. అట్టి నీటితో బండి కడిగి, తుడువక ఎండలో ఆరబెట్టుట క్రోము పూతకు వాన కంటె ఎక్కువ హాని చేయును.

కొనుటకు ముందు ఒక చిన్న అయస్కాంతమును దగ్గర పెట్టి చూడవచ్చును. అంటుకొనినచో లోపల ఉక్కు ఉన్నట్లు, అంటనిచో అది ప్లాస్టిక్కో, అల్యూమినియమో అయి ఉండును. స్టెయిన్‌లెస్ ఉక్కులో చాల రకములు అయస్కాంతమునకు అంటవు. ఉప్పుగాలి ప్రాంతములలో మెరుగు పెట్టిన స్టెయిన్‌లెస్ ఉక్కు గార్డులే మేలు. ధర ఎక్కువైనను పూత లేచిపోవు బాధ లేదు.

అమర్చు పద్ధతి

బండిని గట్టి నేలపై మెయిన్ స్టాండు మీద నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత పని మొదలుపెట్టవలెను. క్రొత్త భాగమును ముందు ఊరికే ఆనించి, రంధ్రములు సరిగా కూడుచున్నవో లేదో చూడవలెను. కూడనిచో కమ్మీని బలవంతముగా వంచరాదు. వంచిన చోట పూత చిట్లి, మొదటి తుప్పు అక్కడనే పుట్టును.

బోల్టులన్నిటిని ముందు చేతితో రెండు మూడు చుట్లు ఎక్కించి, భాగము తన స్థానములో కుదురుకొనిన పిదపనే పానాతో బిగించవలెను. ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోయినచో చివరి రంధ్రము కలియదు. పానా నోటికి పలుచని గుడ్డ గాని టేపు గాని చుట్టినచో పూతపై గీతలు పడవు. 6 మి.మీ. బోల్టుకు సుమారు 8 - 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. బోల్టుకు 20 - 25 న్యూటన్ మీటర్ల బిగువు సాధారణముగా సరిపోవును. బండితో వచ్చు పుస్తకములో వేరే సంఖ్య ఉన్నచో దానినే పాటించవలెను. ఇంజను కవర్లు అల్యూమినియముతో చేసినవి కావున వాటిలోని మర సులువుగా చెడిపోవును. ఇంటి వద్ద జరుగు నష్టములలో ఇదే ఎక్కువ.

కొన్ని లెగ్ గార్డులు ఇంజనును ఛాసిస్‌కు పట్టియుంచు ముందు బోల్టుతోనే బిగింపబడును. అట్టి చోట ఇంజను క్రింద చెక్క దిమ్మెను ఆనించక బోల్టు తీయరాదు. అద్దములు మార్చునపుడు మర ఎటు తిరుగునో చూచుకొనవలెను. కొన్ని యమహా బండ్లలో కుడి అద్దపు మర వ్యతిరేక దిశలో ఉండును.

అన్నిటి కంటె ముఖ్యమైనది బోల్టుల విషయము. మెరుపు కొరకు బ్రేకు క్యాలిపరు, ఇరుసు, హ్యాండిలు బిగింపు వంటి చోట్ల అంగట్లో దొరకు క్రోము బోల్టులు వేయుట ప్రమాదకరము. పూత వేయు తొట్టిలో వెలువడు హైడ్రోజను అధిక బలము గల ఉక్కులోనికి చొచ్చుకొనిపోయి దానిని పెళుసుగా మార్చగలదు. అట్టి బోల్టు ముందు సూచన లేకుండ, బిగించిన కొన్ని గంటలకో, రోజులకో విరుగును. భారము మోయు చోట కంపెనీ బోల్టులనే ఉంచి, అలంకారము కావలెనన్నచో వాటి తలలపై తొడుగు టోపీలు వాడుకొనవచ్చును.

అదనపు దీపములు పెట్టునపుడు బ్యాటరీ ఋణ తీగను ముందుగా తీసి, చివరగా కలుపవలెను. 55 వాట్ల హాలోజను దీపములు రెండు 12 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. ఇంత విద్యుత్తును హెడ్ లైటు స్విచ్చి గుండా పంపక, రిలే, ఫ్యూజు వేరుగా పెట్టవలెను.

పని ముగిసిన పిదప హ్యాండిలును రెండు ప్రక్కలకు చివరి వరకు త్రిప్పి, క్లచ్చి, బ్రేకు కేబుళ్ళు ఎక్కడను ఇరుకుకొనుట లేదని చూడవలెను. వెనుక ఒకరిని కూర్చుండబెట్టి, షాకు అబ్సార్బర్లు క్రుంగినపుడు చక్రము దేనికైనను తగులుచున్నదేమో గమనించవలెను. సైలెన్సరుపై పడిన వ్రేలిముద్రలను ఇంజను నడుపుటకు ముందే తుడువవలెను. లేనిచో ఆ జిడ్డు వేడికి మాడి మచ్చగా మిగులును. మొదటి 50 - 100 కి.మీ. తరువాత బోల్టులన్నియు మరల ఒకసారి సరిచూడవలెను.

శారీ గార్డు

వెనుక చక్రమునకు ఎడమ వైపున ఉండు ఈ కమ్మీని అలంకారముగా భావించి, బండి సన్నగా కనబడుటకై కొందరు తీసివేయుదురు. ఇది పొరపాటు. చీరకొంగు, చున్నీ చక్రపు కమ్మీలలో చిక్కుకొని వెనుక కూర్చొనిన స్త్రీలు పడిపోవు ప్రమాదమును నివారించుటకే దీనిని పెట్టినారు. కేంద్ర మోటారు వాహన నియమములు, 1989లోని 123వ నియమము ప్రకారము వెనుక చక్రములో కనీసము సగ భాగమును కప్పు రక్షణ, పట్టుకొనుటకు పిడి, కాళ్ళు పెట్టుకొను స్థానము ఉండి తీరవలెను. క్రోము గార్డు కొనువారు అది కంపెనీ గార్డు కప్పినంత మేర కప్పుచున్నదో లేదో చూడవలెను. అందము కొరకు చేసిన పలు నమూనాలలో ఒక వంపు కమ్మీ తప్ప ఏమియు ఉండదు.

చట్టము

మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను వాహనపు మూల స్వరూపమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ ఇదే విషయమును ధ్రువపరచినది. అదే సంవత్సరము జరిగిన సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలుశిక్ష, లేదా రెండును విధించుటకు వీలు కల్పించుచున్నది. హెడ్ లైటు టోపీ వంటి చిన్న అలంకారముల సంగతి వేరు. శబ్దము పెంచు సైలెన్సర్లు, పలు స్వరముల హారన్లు మాత్రము నేరమే.

సంరక్షణ, పూత పునరుద్ధరణ

వారమునకు ఒకసారి మంచి నీటితో కడిగి, మెత్తని నూలు గుడ్డతో వెంటనే తుడిచి, నెలకొకసారి మైనము పట్టించినచో పూత చాల కాలము నిలుచును. ఇత్తడి పాత్రలవలె చింతపండుతో తోమరాదు, ఆమ్లము పగుళ్ళ గుండా లోపలికి దిగును. పైపైన పట్టిన తుప్పును నీటిలో తడిపిన అల్యూమినియము రేకుతో మెల్లగా రుద్దిన పోవును. ఉక్కు పీచు, గరుకు కాగితము వాడరాదు.

పూత లేచిన భాగమును తిరిగి పూయుట మాత్రము ఇంటి పని కాదు. సాంప్రదాయిక తొట్లలో వాడు ఆరు సంయోజకత గల క్రోమియము క్యాన్సరు కారకము. ఇందుకు బదులుగా మూడు సంయోజకత గల క్రోమియముతో పూయు పద్ధతులు కూడ ఉన్నవి. తొట్టి నీటిని వీధి కాలువలో పారబోసినచో అది చివరకు పంట కాలువలలోను, చేపల చెరువులలోను చేరును. భీమవరం వంటి డెల్టా పట్టణములకు త్రాగునీరు కూడ కాలువల నుండియే వచ్చుచున్నది.