హైదరాబాదు కౌలుచట్టము

గన్‌ఫౌండ్రీ పేటకు పాతకాలపువారు పెట్టిన పేరు తోప్ కా సాంచా. పదునెనిమిదవ శతాబ్దము చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాము కొలువున ఫిరంగులు పోతపోయించిన చోటిది. ఒక్కమారు మూసలో పోసిన ఫిరంగికి మరల రూపు మారదు. శాసన మట్టిది కాదు. దానిని మరల మరల కరగించి పోయవలసియుండును. ఈ పేట కనతిదూరమున, నాంపల్లిలో, 1913లో పూర్తియైన టౌన్‌హాలు పిమ్మట శాసనసభాభవన మయ్యెను. హైదరాబాదు కౌలుచట్టమును సవరించిన దా సభయే. ఆ సవరణలోని యొక సెక్షను కథను పాఠకులకు విన్నవింప దలచినాము.

నిజాము రాజ్యమున 1893 నుండియు శాసనమండలి యుండెను గాని, ఫర్మానా ముందు దాని మాటకు విలువ స్వల్పము. 1937లో అరవముదయ్యంగారి సంఘ మేర్పడెను. 1939లో 85 మంది సభ్యుల సభ ప్రకటింపబడెను. అందును వోటు మనిషిని బట్టి కాక వృత్తిని బట్టి! ఆ సభయైనను 1946 వరకు కూడలేదు.

కావున 1950 జూన్‌లో అమలునకు వచ్చిన కౌలుచట్టము ప్రజలెన్నుకొన్న సభలో చర్చకు వచ్చినది కాదు. వెల్లోడిగారి ప్రభుత్వము చేసినది. తెలంగాణమున రైతులు తిరుగబడిన దినములవి. నిర్ణీతకాలమున వరుసగా ఆరేండ్లు సేద్యము చేసిన కౌలుదారునకు ఆ చట్టము ‘రక్షిత కౌలుదారు’ అను హోదా నిచ్చినది. పేరు గొప్పదే. ఆచార్య ఖుస్రో తరువాత విచారింపగా, 1951లో నమోదైన నూరుగురిలో నాలుగేండ్లు తిరుగకముందే 45 మంది మాత్రమే ఆ హోదాలో మిగిలిరి. పండ్రెండుగురు భూమిని కొనిరి. ఇరువదిరెండుగురిని చట్టవిరుద్ధముగా వెడలగొట్టిరి. సుమారు పదునెనిమిది మంది ‘స్వచ్ఛందముగా’ వదలుకొనిరట! పటేలు, పట్వారి, దేశముఖు ముగ్గురును ఎదుట గూర్చుండగా వ్రేలిముద్ర వేయు రైతు స్వేచ్ఛ యెంతటిదో యూహింపవచ్చును.

1952 ఎన్నికలతో 175 స్థానముల సభ యేర్పడి బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. ఎదుటి బల్లలపై ప్రజాస్వామ్య కూటమివారు బలముగా నుండిరి. పార్లమెంటరీ పద్ధతిలో బిల్లు ప్రవేశపెట్టబడినంత మాత్రమున శాసనము కాదు. దాని ఉద్దేశమును చర్చించుట, సంఘమునకు నివేదించుట, సెక్షను వెంబడి సెక్షనుగా సవరణలపై వోటు తీసికొనుట, తుదకు రాష్ట్రాధిపతి సమ్మతి. ఆస్తిని తీసికొను శాసనమైనచో నాడు రాష్ట్రపతి సమ్మతియు గావలసియుండెను. ఇంత నడిచి, కౌలుచట్టపు సవరణ 1954లో శాసనమయ్యెను.

అందు చేరినదే 38-ఇ సెక్షను. రక్షిత కౌలుదారులు కొనదగిన భూములన్నియు ఒక తేదీనుండి వారి సొంతమగునని ప్రభుత్వము జరీదాలో ప్రకటింపవచ్చునని దాని సారము. ఈ ‘వచ్చును’ అను మాటలోనే చిక్కంతయు నున్నది. సభ తలుపు చేసినది, తాళపుచెవి మంత్రుల చేతి కిచ్చినది. పట్టికలు సరిచూడక ప్రకటించిన తగవులు పెరుగునను వాదము నిరాధారము గాదు. అయినను గడువేదియు విధింపకుండుట లోపమనియే మా యభిప్రాయము.

ఖమ్మమున ముందే అమలు జరిగినది. తక్కిన తెలంగాణ జిల్లాలకు వర్తించిన తేదీ 1973 జనవరి 1. నడుమ హైదరాబాదు రాష్ట్రమే లేకుండపోయెను. 1956లో అది ముక్కలై మూడు రాష్ట్రములలో గలిసెను. 1951లో ముప్పదియేండ్ల కౌలుదారు ఆ ప్రకటన నాటికి ఏబదిరెండేండ్లవాడు. పొలము చేజారినవానికిని హక్కున్నదా యను ప్రశ్న అటుపిమ్మట న్యాయస్థానముల కెక్కెను. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు తహశీలుదారుపై వచ్చిన వ్యాజ్యమున, 1987లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణధర్మాసనము తీర్పు చెప్పినది: ప్రకటన నాటికి రక్షిత కౌలుదారు హోదా యున్నచో, భూమి భౌతికముగా స్వాధీనములో లేకున్నను యాజమాన్యము వానిదే.