చక్రం చేసిన చేయి

మా ఖమ్మం–భద్రాచలం అడవి అంచు చరిత్ర అనగానే రామదాసు కట్టించిన గుడి, ఇల్లెందు బొగ్గు, సారపాక కాగితం మిల్లు గుర్తొస్తాయి. ఈ దారుల్లో ధాన్యం, కట్టె, పెళ్లివారిని మోసిన ఎడ్లబండ్లను చేసిందెవరో నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ఆ లోటు నాకు హైదరాబాదులో తెలిసొచ్చింది. బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గర, కన్యబోయిన సుధాకర్ గారు 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం ఉంది. బర్గరు, క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా, సోఫా ఆకారాల్లో కార్లు. బొమ్మలు కావు, ఇంజనుతో నడిచే బండ్లు. చదువుకునే వయసులోనే ఆయన పాతసామాను పోగేసి బండ్లు కట్టడం మొదలుపెట్టారు. 2005లో హైదరాబాదులో ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, చక్రం అడ్డకొలత 17 అడుగులు. గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ కార్ల నడుమ నిలబడితే నాకు మా ఊరి వడ్లాయన కొట్టం గుర్తొచ్చింది.

ఆయన దగ్గరా ఒక బండికి నకలుగా ఇంకో బండి ఉండేది కాదు. ఎడ్ల ఎత్తు, పొలం దారి, మోయాల్సిన బరువు చూసి ఒక్కో బండికీ ఒక్కో కొలత పెట్టేవాడు. తుమ్మ చెక్క ఎండాలి. చక్రం నడుమ ఉండే కుండకు తొలిచిన రంధ్రాల్లో ఆకులు బిగించి, వాటి చివర్ల చుట్టూ పూటీలనే వంపు చెక్కలు తొడగాలి. ఆపైన కమ్మరాయన పని. చక్రం కన్నా చుట్టుకొలత కాస్త తక్కువగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాడు. వేడికి సాగిన పట్టాను నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి దించగానే చెక్క కాలి పొగ లేచేది. వెంటనే కుండలతో నీళ్లు గుమ్మరిస్తే పట్టా కుంచించుకుని, ఆకులూ పూటీలూ కిర్రుమంటూ బిగుసుకునేవి. ఒక్క మేకు కొట్టకముందే చక్రం ఒక్క ముక్కయ్యేది. కొలత తప్పితే పట్టా వదులైనా అవుతుంది, చక్రమైనా విరుగుతుంది. ఆ లెక్క కమ్మరాయన వేళ్లలో ఉండేది.

1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది. అంతకుముందు ఏరు దాటాలంటే పడవే దిక్కు. తరవాత లారీలు, ట్రాక్టర్లు పెరిగాయి. బండికీ రబ్బరు టైర్లు వచ్చాయి. వడ్లాయన కొట్టంలో కొత్త చక్రం పని క్రమంగా ఆగిపోయింది. రోడ్డు రావడం మంచిదే. మా పిల్లలు బడికీ ఆసుపత్రికీ దానిమీదే పోయారు.

సుధాకర్ గారి పనికి ఆయన పేరుంది, గదుంది, చూడ్డానికొచ్చే జనమున్నారు. మా వడ్లాయన చక్రాలు పశువుల కొట్టాల్లో చెదపట్టిపోతున్నాయి. గట్టిగా ఉన్న ఒక్క చక్రాన్నయినా గ్రంథాలయంలో నిలబెడదాం. పక్కన చేసినవాళ్ల పేర్లు రాద్దాం. ఆ పేర్లు చెప్పగల ముసలివాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. ఈ ఎండాకాలంలోనే అడుగుదాం.