గోడకు ఊపిరి

పదో తరగతిలో ఉండగా మా సోషల్ సారు మమ్మల్ని సిటీ బస్సులో గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు తీసుకెళ్లారు. "ఇవి ఇన్ని వందల ఏళ్లు ఎట్లా నిలబడ్డాయిరా?" అని అడిగారు. "రాతితో కట్టారు కదా సార్" అన్నాను. సారు నవ్వి, "ఆ రాయిని పట్టుకున్నదేమిటో చూడు" అన్నారు. ఆ మాట అర్థమయ్యేలోపు నా చేతుల మీదుగా ఒక గోడ పాడైంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నగరంలోని ఒక పాత కట్టడం మరమ్మతు నాకు అప్పగించారు. గోడలకు చెమ్మ. సున్నపు పూత కొట్టేసి సిమెంటు వేయమన్నాను. ముసలి మేస్త్రీ ఒకాయన, "సిమెంటు వద్దు సార్, గోడకు ఊపిరాడదు" అన్నాడు. ఇంజినీరింగు చదివినవాణ్ని, వినలేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి పెచ్చులుగా ఊడింది. దాని వెనక ఇటుక పిండిలా రాలుతోంది.

కారణం తర్వాత తెలుసుకున్నాను. సున్నపు పూత గోడలోకి చేరిన తేమను మళ్లీ బయటికి పోనిస్తుంది, గోడతో పాటు కాస్త కదులుతుంది. సిమెంటు గట్టిది. సన్నని పగుళ్లలోంచి దిగిన నీటిని లోపలే బంధిస్తుంది. ఆ తేమతో లవణాలు పేరుకుని ఇటుకనూ రాయినీ తినేస్తాయి.

నేను చేసిన తప్పే పెద్ద ఎత్తున ఆ సమాధుల మీదా జరిగింది. గత శతాబ్దపు మరమ్మతుల్లో గుమ్మటాలకు సిమెంటు పూశారు. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు పునరుద్ధరణ మొదలుపెట్టినప్పుడు ఆ సిమెంటును ఒలిచి, మళ్లీ సున్నపు గచ్చు చేయించారు. అక్కడి పెద్ద మెట్లబావి 2013 వానలకు కొంత కూలింది. దాన్నీ తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. పదేళ్లకు పైగా సాగిన ఈ పనిలో సగం కష్టం వెనకటివాళ్లు మంచి మనసుతో చేసిన మరమ్మతును విప్పడమే.

నగరం నడిబొడ్డున మొజంజాహీ మార్కెట్ ఉంది. ఏడో నిజాం కాలంలో 1935లో కట్టిన గ్రానైటు కట్టడం. రేకుల పందిళ్లు, వేలాడే తీగలు, కారే కప్పుతో దాని రూపే మారిపోయింది. 2018లో మొదలైన మరమ్మతు తర్వాత 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఐస్‌క్రీమ్, అత్తరు దుకాణాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మనుషులు తిరిగే కట్టడంలో కప్పు కారితే ఎవరో ఒకరు అడుగుతారు. తాళం వేసిన కట్టడం గోడు వినేవాడుండడు.

చట్టం కూడా కావాలి. వారసత్వ కట్టడాల రక్షణకు 1995లో హైదరాబాదుకు 13వ నిబంధన వచ్చింది. 2015లో ప్రభుత్వం దాన్ని తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అయినా 2019లో కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్‌ను కూల్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. పౌరులు హైకోర్టు మెట్లెక్కారు. ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పట్టుకుని నిలబడే మనుషులుంటేనే చట్టమైనా పనిచేస్తుంది.

ఇదంతా ఇక్కడ రాయడానికి కారణం ఉంది. మన బడి పాత బ్లాకుకు స్వర్ణోత్సవ నిధితో సిమెంటు పూత వేయించి రంగులు దిద్దాలన్న ప్రతిపాదన వచ్చింది. ప్రేమతో చేసిన ప్రతిపాదనే, కాదనను. కానీ ఆ గోడలు సున్నంతో కట్టినవి. మూలనున్న తొమ్మిదో తరగతి గదిలో చెమ్మ మరక నేను చూశాను. అది కప్పు మీది నీళ్ల గొట్టం మూసుకుపోవడం వల్ల వచ్చింది. ముందు ఆ గొట్టం బాగు చేయిద్దాం. తర్వాత సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలుద్దాం. ఆయన పక్కన నిలబడి పని చూసుకునే బాధ్యత నాది. ఈసారి మేస్త్రీ మాట వింటాను.

– 1985 బ్యాచ్ పూర్వ విద్యార్థి