డార్విన్ పాఠమా? దేవుడి సృష్టి పాఠమా? అమెరికా స్కూళ్లలో వందేళ్ల గొడవ.. కోర్టులు ఏం తేల్చాయంటే?

మనిషి ఎలా పుట్టాడు? కోట్ల ఏళ్ల పరిణామంలోనా? లేక దేవుడే నేరుగా సృష్టించాడా? ఈ ప్రశ్న మీద అమెరికాలో వందేళ్లుగా కేసులు నడుస్తూనే ఉన్నాయి. అక్కడ పబ్లిక్ స్కూళ్లంటే ప్రభుత్వ బడులు. గొడవంతా వాటి సైన్స్ క్లాసు గురించే.

మొదలైంది ఎక్కడ?

1925లో టెనెస్సీ రాష్ట్రం ఓ చట్టం చేసింది. ప్రభుత్వ బడుల్లో పరిణామ సిద్ధాంతం చెప్పకూడదన్నది దాని సారాంశం. డేటన్ అనే చిన్న ఊళ్లో జాన్ స్కోప్స్ అనే టీచర్‌పై కేసు పడింది. విచారణ దేశమంతా మారుమోగింది. చివరికి 100 డాలర్ల జరిమానా వేశారు. 1927లో సాంకేతిక కారణంతో ఆ తీర్పు కొట్టేశారు కానీ, చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉండిపోయింది.

సుప్రీంకోర్టు ఏమంది?

1968లో ఆర్కాన్సా కేసులో.. పరిణామ పాఠంపై నిషేధం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో రూటు మారింది. 'నిషేధం వద్దు, రెండూ చెప్పండి' అన్న వాదన వచ్చింది. డార్విన్ పాఠం చెబితే సృష్టివాదం కూడా చెప్పాల్సిందేనని లూసియానా చట్టం చేసింది. 1987లో 7-2 మెజారిటీతో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ప్రభుత్వం ఏ మతాన్నీ భుజాన వేసుకోకూడదన్న రాజ్యాంగ మొదటి సవరణే ఇందుకు ఆధారం.

పేరు మార్చినా దొరికిపోయారు!

2004లో పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూల్ బోర్డు 'ఇంటెలిజెంట్ డిజైన్' అనే మాట తెచ్చింది. జీవుల్ని ఏదో తెలివైన శక్తి రూపొందించిందన్నది ఈ వాదన. దేవుడి పేరు మాత్రం ఎత్తరు. 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. బోర్డు సిఫార్సు చేసిన పుస్తకం పాత ముసాయిదాలు తీసి చూస్తే అసలు విషయం బయటపడింది. 1987 తీర్పు తర్వాత అందులో 'సృష్టి' అన్న చోటల్లా 'డిజైన్' అని మార్చేశారు! ఇది సైన్స్ కాదని 2005 డిసెంబర్‌లో జడ్జి జాన్ జోన్స్ తీర్పిచ్చారు. ఆయన్ని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్షే. ఈ కేసు ఖర్చుల కింద ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ 10 లక్షల డాలర్లకు పైగా కట్టుకోవాల్సి వచ్చింది. అది పిల్లల చదువుకు పోవాల్సిన డబ్బు.

'రెండూ చెబితే తప్పేంటి?'

వినడానికి న్యాయంగానే ఉంటుంది. పిల్లలే తేల్చుకుంటారని కొందరు తల్లిదండ్రులు అంటారు. తమ నమ్మకాన్ని బడి చులకన చేస్తోందన్న బాధా వాళ్లలో ఉంది. అయితే సైన్స్ క్లాసులో చోటు దక్కాలంటే పరీక్షకు నిలబడే ఆధారాలుండాలి. పరిణామానికి శిలాజాలున్నాయి, డీఎన్ఏ ఉంది. 'సిద్ధాంతం' అంటే సైన్స్‌లో ఊహ కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చెప్పాలంటే ఎవరి సృష్టి కథ చెప్పాలి? ఒక్కో మతానిది ఒక్కో కథ కదా!

నిజానికి దేవుణ్ణి నమ్ముతూనే పరిణామాన్ని ఒప్పుకునే వాళ్లూ ఉన్నారు. డోవర్ కేసులో తల్లిదండ్రుల తరఫున సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ క్యాథలిక్కే.

ఇప్పుడు పరిస్థితేంటి?

గొడవ ఆగలేదు. డోవర్ తీర్పుపై అప్పీలు వెళ్లలేదు. కాబట్టి అది దేశమంతటికీ వర్తించదు. లూసియానా 2008లో, టెనెస్సీ 2012లో టీచర్లకు కొంత వెసులుబాటు ఇచ్చే చట్టాలు చేశాయి. ప్రైవేటు బడులకు, ఇంటి చదువులకు ఈ కోర్టు తీర్పులు వర్తించవు. మతాల గురించి చెప్పే క్లాసులో సృష్టి కథలు చర్చించడానికీ అడ్డు లేదు. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు ఈ తేడా గుర్తుంచుకుంటే మంచిది.

మన దగ్గర కూడా 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి పరిణామ పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో పాఠం ఉంది. కానీ పది తర్వాత సైన్స్ తీసుకోని పిల్లలకు అది అందదు.